ఆఫీసు కంప్యూటర్‌లో మెయిల్‌కి ఏ ప్రోగ్రామ్? బెజవాడ, గుంటూరు ఆఫీసులకు ఒక సలహా

ముందే ఒక మాట చెప్పేస్తే కొందరికి చదివే శ్రమ తప్పుతుంది. మీకున్నది ఒకే ఒక్క జీమెయిల్, రోజుకి పదో పన్నెండో మెయిల్స్, అవీ ఫోన్లోనే చూసేస్తారు అంటే కంప్యూటర్‌లో విడిగా మెయిల్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. బ్రౌజర్‌లో తెరిచి చూసుకోండి, సరిపోతుంది.

అవసరమయ్యేది వేరేవాళ్లకి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఎగుమతి చేసే ఆఫీసు తీసుకోండి. సొంత డొమైన్ (కంపెనీ పేరుతో తీసుకున్న వెబ్ పేరు) మీద ఒక అడ్రసు, అకౌంట్స్‌కి మరొకటి, విదేశీ పార్టీలకి ఎప్పుడో ఇచ్చి ఇప్పటికీ మార్చలేకపోతున్న రెడిఫ్‌మెయిల్ ఒకటి, యజమాని జీమెయిల్ ఒకటి. ఈ నాలుగింటినీ నాలుగు ట్యాబుల్లో తెరిచిపెట్టుకుని గుమాస్తా అవస్థ పడుతుంటాడు. బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో ఉన్న ఆడిటర్ ఆఫీసుది ఇంకో తీరు. నెలనెలా 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ రిటర్నులు వేయాలి. ఫలానా క్లయింటు రెండేళ్ల కిందట పంపిన బిల్లు ఇప్పుడు, ఈ క్షణాన, నెట్ రాకపోయినా దొరకాలి. ఇలాంటి చోట్ల కంప్యూటర్లోనే మెయిల్ ప్రోగ్రామ్ ఉంటే రోజుకో గంట మిగులుతుందంటే అతిశయోక్తి కాదు.

ఈ మధ్య ఇంకో కారణం కూడా తోడైంది. సొంత డొమైన్ మెయిల్‌ని జీమెయిల్లోకే లాక్కుని చూసుకునే ఏర్పాటు చాలామంది చేసుకున్నారు. పాప్ పద్ధతిలో బయటి అకౌంట్ల మెయిల్ తెచ్చిపెట్టే ఆ సౌకర్యాన్ని ఆపేస్తున్నామని, 2026లో అమలవుతుందని గూగుల్ ప్రకటించింది. అన్ని అకౌంట్లూ ఒకేచోట కనబడాలంటే ఇకమీదట కంప్యూటర్‌లోని ప్రోగ్రామే సులువైన దారి.

ప్రోగ్రామ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది

"ఔట్‌లుక్ మంచిదా, థండర్‌బర్డ్ మంచిదా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అసలు ముందు అడగాల్సింది, మెయిల్ ఎక్కడ ఉండాలి అని. సర్వర్‌లోనా, మన కంప్యూటర్‌లోనా, రెండు చోట్లానా? అది తేలితే ప్రోగ్రామ్ ఎంపిక సగం అయిపోయినట్టే.

పాప్ పద్ధతిలో మెయిల్ సర్వర్ నుంచి దిగి మన కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. సెట్టింగ్ చూసుకోకపోతే సర్వర్ మీద కాపీ చెరిగిపోతుంది కూడా. ఐమ్యాప్‌లో అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌లో ఉండేది దాని నకలు. గుంటూరు వాళ్లకి చెప్పాలంటే, మిర్చి టిక్కీలన్నీ (బస్తాలన్నీ) ఇంటికి తెచ్చి వసారాలో పేర్చుకోవడం పాప్, కోల్డ్ స్టోరేజీలో ఉంచి బాండు (సరుకు రసీదు) చేతిలో పెట్టుకోవడం ఐమ్యాప్.

పాతకాలపు ఆఫీసుల్లో పాప్ ఎందుకు వచ్చిందంటే, అప్పట్లో హోస్టింగ్ వాళ్లు (డొమైన్ మెయిల్‌కి సర్వర్ అద్దెకిచ్చేవాళ్లు) ఇచ్చే చోటు చాలా తక్కువ. మెయిల్ దించుకోకపోతే పెట్టె నిండిపోయి కొత్తవి వెనక్కి పోయేవి. ఆ సెట్టింగే తరతరాలుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వస్తోంది. దీని ప్రమాదం ఏమిటో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లు నిలిచినప్పుడు తేలింది. కింది అంతస్తులో నేల మీద పెట్టిన సీపీయూ మునిగితే, పాప్ పెట్టుకున్నవాళ్ల మెయిల్ దాంతోనే మునిగినట్టు. ఐమ్యాప్ వాళ్లు కొత్త కంప్యూటర్ కొని పాస్‌వర్డ్ కొడితే అన్నీ తిరిగి వస్తాయి.

ఆఫీసులో ఒకే అడ్రసుని ముగ్గురు చూస్తుంటే ఐమ్యాప్ తప్ప ఇంకోటి ఆలోచించనే వద్దు. ఒకరు చదివిన మెయిల్ మిగతా ఇద్దరికీ చదివినట్టే కనబడుతుంది. జవాబిస్తే బాణం గుర్తు అందరి తెర మీదా పడుతుంది. ఒకే పార్టీకి ఇద్దరు రెండు రేట్లు చెప్పే గోల తప్పుతుంది. కాకపోతే ఒకరు డిలీట్ కొడితే అందరికీ పోతుంది. జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఎవరూ తేలేరు. ఆ సంగతి కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటిరోజే చెప్పాలి.

మరి చోటు? ఉచిత జీమెయిల్‌కి 15 జీబీ, అదీ డ్రైవ్, ఫోటోలతో కలిపి. నా సలహా ఇది: ఐమ్యాప్ పెట్టుకుని, మూడు నాలుగేళ్లు దాటిన మెయిల్స్‌ని మాత్రం ప్రోగ్రామ్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లోకి ఏడాదివారీగా లాగెయ్యండి. ఆ ఫోల్డర్లకి మాత్రం సర్వర్‌లో కాపీ ఉండదు కాబట్టి వేరే డిస్కులో కాపీ తప్పనిసరి.

ఇక ఏది పెట్టుకోవాలి

విండోస్‌తో పాటే వచ్చే చిన్న మెయిల్ యాప్‌కి 2024 డిసెంబరు 31తో మైక్రోసాఫ్ట్ మంగళం పాడింది. దాని స్థానంలో కొత్త ఔట్‌లుక్ వచ్చి కూర్చుంది. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లు అదే అసలు ఔట్‌లుక్ అనుకుంటున్నారు. కాదు. చూడ్డానికి ప్రోగ్రామ్‌లా ఉన్నా లోపల నడిచేది వెబ్ పేజీయే. ఉచితంగా వాడితే ఇన్‌బాక్స్‌లో ప్రకటనలు కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, మీ జీమెయిల్‌నో డొమైన్ మెయిల్‌నో కలిపితే ఆ మెయిల్స్ కాపీ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి చేరుతుంది. అకౌంట్ కలిపేటప్పుడు తెర మీద ఆ మాట చెబుతుంది కూడా, మనమే చదవకుండా కంటిన్యూ నొక్కేస్తాం. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఇదేమంత పట్టింపు కాకపోవచ్చు. నలుగురి పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మెయిల్లో తిరిగే ఆడిటర్ ఆఫీసులో మాత్రం, క్లయింటుకి చెప్పకుండా ఇంకో కంపెనీ సర్వర్‌లోకి ఆ కాగితాలు పంపడం నాకు నచ్చదు.

అసలు ఔట్‌లుక్, అంటే ఇప్పుడు క్లాసిక్ అంటున్నది, వేరే సరుకు. మైక్రోసాఫ్ట్ 365 చందాతో గానీ, ఆఫీస్ హోమ్ అండ్ బిజినెస్‌తో గానీ వస్తుంది. చవకగా దొరికే ఆఫీస్ హోమ్ 2024లో వర్డ్, ఎక్సెల్ ఉంటాయి కానీ ఈ ఔట్‌లుక్ రాదు. కొనేముందు బిల్లు మీద పేరు చూసుకోండి. మీ కంపెనీ మెయిల్ మైక్రోసాఫ్ట్ 365 మీదే నడుస్తుంటే, క్యాలెండర్లో మీటింగులు, ఒకరి పెట్టె ఇంకొకరు చూసే ఏర్పాటు కావాలంటే దీన్ని మించింది లేదు. కనీసం 2029 దాకా క్లాసిక్‌ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది, అంటే ఇప్పట్లో కంగారు లేదు. పాత యాడ్-ఇన్‌లు (ఔట్‌లుక్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేసేది కూడా దీంట్లోనే, కొత్తదాంట్లో అవి ఎక్కవు.

దీని బలహీనత పీఎస్‌టీ ఫైలు. పాప్‌లో వచ్చిన మెయిలంతా ఒక్క ఫైల్లో కుక్కుతుంది. 2010 నుంచి వచ్చిన ఔట్‌లుక్‌లలో దాని హద్దు 50 జీబీ. 2002 దాకా వచ్చినవాటిలో అయితే 2 జీబీయే, అది నిండితే ఫైలు చెడిపోవడం ఖాయంగా ఉండేది. ఎండాకాలం కరెంటు పోయి యూపీఎస్ కూడా ఆదుకోని పూట ఆ ఫైలు తెరిచి ఉంటే, మర్నాడు రిపేరు టూలుతో కుస్తీ పట్టాల్సి రావచ్చు. దొంగ కాపీ ఆఫీస్ వేసుకుని ఔట్‌లుక్ నడిపేవాళ్ల గురించి ఏమీ చెప్పను. మెయిలంటే వ్యాపార రహస్యాలు, అవి అలాంటి ప్రోగ్రామ్ చేతిలో పెట్టడం ఎంత తెలివైన పనో వాళ్లే ఆలోచించుకోవాలి.

నా ఓటు థండర్‌బర్డ్‌కి. మొజిల్లా కుటుంబంలోది, 2004 డిసెంబరులో మొదటి వెర్షన్ వచ్చింది, విరాళాల మీద నడుస్తుంది, ప్రకటనలు అమ్ముకుని బతికేది కాదు. పైసా కట్టక్కర్లేదు, ఎన్ని అకౌంట్లయినా పెట్టుకోవచ్చు, ఆఫీసులో వాడుకున్నా ఎవరూ లైసెన్స్ అడగరు. ఐమ్యాప్‌కి, పాప్‌కి రెండిటికీ సరే. 2025 నవంబరులో వచ్చిన 145వ వెర్షన్ నుంచి ఎక్స్ఛేంజ్ మెయిల్ (మైక్రోసాఫ్ట్ సర్వర్ మీద నడిచే కంపెనీ మెయిల్) కూడా నేరుగా తీసుకుంటోంది. పాత కంప్యూటర్లలో విండోస్ 7 ఉంటే 115వ వెర్షనే ఆఖరు. అలాంటి కంప్యూటర్‌లో మెయిల్ పెట్టుకోకపోవడమే మేలు.

థండర్‌బర్డ్‌లో చిరాకులు లేవా అంటే ఉన్నాయి. క్యాలెండర్ ఉంది గానీ ఔట్‌లుక్ అంత నున్నగా నడవదు. 2023లో ముఖం మొత్తం మార్చారు, పాతది అలవాటైనవాళ్లు వారం రోజులు తిట్టుకుంటారు. జవాబు రాయబోతే కర్సర్ పాత మెయిల్ కింద ప్రత్యక్షమవుతుంది. మన దగ్గర అందరూ పైన రాసేవాళ్లే కదా, అకౌంట్ సెట్టింగ్స్‌లో కంపోజిషన్ దగ్గర మార్చుకుంటే సరి.

ఈఎం క్లయింట్ అనే చెక్ దేశపు ప్రోగ్రామ్ చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఉచితంగా ఇచ్చేది సొంత వాడకానికే, అదీ రెండు అకౌంట్లకే. ఆఫీసుకి కావాలంటే కొనాలి. కొనే ఉద్దేశం ఉంటే వంక పెట్టేదేమీ లేదు. మ్యాక్ ఉన్నవాళ్లు దాంతో వచ్చిన మెయిల్‌నే వాడుకోవచ్చు. లైనక్స్ వాళ్లకి ఎవల్యూషన్ బాగుంటుంది, వాళ్లకి నా సలహా అవసరం ఉంటుందనుకోను.

జోహో మెయిల్ గురించి ప్రత్యేకంగా అడుగుతుంటారు. సొంత డొమైన్‌కి అయిదుగురి దాకా ఉచితంగా ఇస్తుంది కాబట్టి చిన్న ఆఫీసులు ఎగబడుతున్నాయి. ఆ ఉచిత పథకంలో ఐమ్యాప్, పాప్ రెండూ ఉండవు, బ్రౌజర్‌లోనో వాళ్ల యాప్‌లోనో చూసుకోవాలి. థండర్‌బర్డ్‌లో పెట్టబోతే పాస్‌వర్డ్ తప్పంటుంది. తప్పు పాస్‌వర్డ్‌ది కాదు, పథకానిది.

పెట్టుకునేటప్పుడు

జీమెయిల్ అయితే థండర్‌బర్డ్‌లో పేరు, అడ్రసు ఇస్తే మిగతావి అదే కనుక్కుంటుంది. గూగుల్ కిటికీ ఒకటి తెరుచుకుని అక్కడ లాగిన్ అడుగుతుంది. ఇదివరకటిలా మామూలు పాస్‌వర్డ్ ప్రోగ్రామ్‌లో కొట్టేస్తే కుదరదు. వ్యక్తిగత అకౌంట్లకి ఆ దారిని గూగుల్ 2022 మే 30న మూసేసింది, మైక్రోసాఫ్ట్ తన ఉచిత అకౌంట్లకి 2024 సెప్టెంబరు 16న మూసింది. టాలీ నుంచి నేరుగా బిల్లు మెయిల్ చేసేవాళ్లకి ఇక్కడే చిక్కు వస్తుంది. అలాంటి చోట రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుని, గూగుల్ అకౌంట్‌లో 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తయారుచేసుకుని అది ఇవ్వాలి. ఆ రెండంచెల వెరిఫికేషన్‌కి ఇచ్చే ఫోన్ నంబరు యజమానిది అయి ఉండాలి. ఉద్యోగం మానేసిన గుమాస్తా నంబరు అందులో ఉండిపోతే ప్రతి ఓటీపీకీ అతన్ని బతిమాలుకోవాలి.

సొంత డొమైన్ మెయిల్‌కి అంకెలు మీరే సరిచూసుకోవాలి. పోర్టు అంటే సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు, ఎస్ఎస్ఎల్, స్టార్ట్ టీఎల్ఎస్ అంటే దారిలో ఎవరూ చదవకుండా చేసే భద్రత. ఐమ్యాప్‌కి పోర్టు 993, ఎస్ఎస్ఎల్. పాప్ అయితే 995. పంపడానికి 465 ఎస్ఎస్ఎల్‌తో, లేదా 587 స్టార్ట్ టీఎల్ఎస్‌తో. ఎవరైనా 143, 110, 25 అని పాత కాగితం చూసి చెబితే, భద్రత లేని దారిలో మీ పాస్‌వర్డ్ పంపిస్తున్నారేమో గట్టిగా అడగండి.

నాలుగు కంప్యూటర్లలో ఒకే జీమెయిల్ పెట్టిన ఆఫీసుల్లో ఉన్నట్టుండి కనెక్షన్లు ఎక్కువయ్యాయని తప్పు చూపిస్తుంటుంది. నెట్ వాళ్లకి ఫోన్ చేసి లాభం లేదు. ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లకి మించి జీమెయిల్ ఒప్పుకోదు, థండర్‌బర్డ్ ఒక్కోటీ 5 దాకా వాడుతుంది. లెక్క మీరే వేసుకోండి, ఫోన్లు కలపకుండానే 20. సర్వర్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి ఆ 5ని 2 చేస్తే గోల ఆగుతుంది.

కొత్తగా పెట్టినరోజే పదేళ్ల మెయిలంతా దించుకోవాలని చూడకండి. జీమెయిల్ ఐమ్యాప్‌లో రోజుకి 2,500 ఎంబీకి మించి దించుకోనివ్వదు, మించితే కాసేపు తలుపు వేసేస్తుంది. సింక్రొనైజేషన్ అండ్ స్టోరేజ్‌లో ఏడాది మెయిల్ మాత్రమే కంప్యూటర్‌లో ఉంచమని చెప్పి, తర్వాత పెంచుకోవచ్చు. ఆల్ మెయిల్ అనే ఫోల్డర్‌ని ఆ జాబితాలోంచి తీసెయ్యండి. జీమెయిల్లో లేబుళ్లే ఇక్కడ ఫోల్డర్లుగా కనిపిస్తాయి, ఆల్ మెయిల్‌లో అవన్నీ మళ్లీ ఉంటాయి కాబట్టి అది ఉంచితే ప్రతి మెయిలూ రెండేసిసార్లు డిస్కు ఎక్కుతుంది.

డిలీట్ చేసినా డిస్కులో చోటు తగ్గలేదని అనుకుంటుంటారు. థండర్‌బర్డ్ ఒక్కో ఫోల్డర్‌ని ఒక్కో పెద్ద ఫైలుగా దాస్తుంది, తీసేసిన మెయిల్ ఆ ఫైల్లో కనబడకుండా ఉంటుందే తప్ప పోదు. ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి కంపాక్ట్ చేస్తే అప్పుడు తగ్గుతుంది. అలాగే ఫిల్టర్లు. ఫలానా పార్టీ మెయిల్ ఫలానా ఫోల్డర్లోకి వెళ్లాలని థండర్‌బర్డ్‌లో రాస్తే, అది తెరిచి ఉన్నప్పుడే జరుగుతుంది. ఆదివారం ఆఫీసు మూసి ఉన్నప్పుడు ఫోన్లోనూ సర్దుకుని కనబడాలంటే ఆ ఫిల్టర్ జీమెయిల్ వెబ్‌సైట్లోనే రాయాలి.

థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ (సేవ్ అయిన పాస్‌వర్డ్‌లన్నిటికీ తాళం లాంటిది) పెట్టుకోవడం మరవద్దు. అది లేకపోతే ఆ కుర్చీలో కూర్చున్న ఎవరైనా సెట్టింగ్స్ తెరిచి, సేవ్ అయిన పాస్‌వర్డ్‌లని చదివేయొచ్చు.

తెలుగులో రాసేవాళ్లకి

ఏలూరు రోడ్డు ప్రచురణ సంస్థలకి, డీటీపీ వాళ్లకి ఇది రోజువారీ తలనొప్పి. అను ఫాంట్లలో కొట్టిన పేరాని మెయిల్లో అతికించి పంపితే, అవతలివాళ్ల దగ్గర ఆ ఫాంటు లేకపోతే అర్థంపర్థం లేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. ఏ మెయిల్ ప్రోగ్రామూ దీన్ని బాగుచేయలేదు, ఎందుకంటే ఆ అక్షరాలు తెలుగు అని ప్రోగ్రామ్‌కి తెలియదు. పీడీఎఫ్ చేసి పంపడం, లేదా యూనికోడ్‌లోకి (ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగులోకి) మార్చి పంపడం, ఈ రెండే దారులు. యూనికోడ్‌లో ఉంటే రెండేళ్ల తర్వాత "రెండో ప్రూఫు" అని వెతికినా దొరుకుతుంది. అనులో ఉన్నది వెతుకులాటకి చిక్కదు. అక్షరాలు చిన్నగా, ఒత్తులు నలిగినట్టు కనిపిస్తుంటే ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్‌లో తెలుగు ఎంచుకుని, మండలి లాంటి ఫాంటు పెట్టి సైజు ఒకటి రెండు పెంచండి.

ప్రూఫులు పంపేవాళ్లకే ఇంకో మాట. జీమెయిల్ హద్దు 25 ఎంబీ అంటారు గానీ, మెయిల్లో ప్రయాణించడానికి ఫైలు రూపం మారేసరికి మూడో వంతు ఉబ్బుతుంది. 18 ఎంబీ దాటిన పీడీఎఫ్‌ని లింకుగా పంపడమే మంచిది.

మోసాలు, స్పామ్

ఎగుమతిదారులకి ఇది ప్రోగ్రామ్ ఎంపిక కన్నా పెద్ద విషయం. బీఎల్ కాపీ (ఓడెక్కిన సరుకుకి ఇచ్చే రసీదు), ఇన్‌వాయిస్, ఫైటో సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవనే పత్రం) అన్నీ మెయిల్లోనే తిరుగుతాయి. మధ్యలో ఎవడో దూరి, అచ్చం మీ పేరుతో, ఒక్క అక్షరం తేడా ఉన్న అడ్రసు నుంచి, "మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి" అని కొనుగోలుదారుకి రాస్తాడు. సరుకు ఓడెక్కుతుంది, డబ్బు వాడి ఖాతాకి వెళ్తుంది. అందుకని సెట్టింగ్స్‌లో పేరు ఒక్కటే కాకుండా పూర్తి మెయిల్ అడ్రసు కనబడేలా పెట్టండి. అనుమానం వస్తే థండర్‌బర్డ్‌లో కంట్రోల్-యూ నొక్కితే మెయిల్ పూర్తి జాతకం తెరుచుకుంటుంది, అందులో రిప్లై-టు దగ్గర వేరే అడ్రసు ఉందేమో చూడండి. ఖాతా మార్పు మాట వస్తే ఫోన్ చేసి, అదీ మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే చేసి, అడగనిదే డబ్బు వేయొద్దని పార్టీలకి ముందే రాసి పెట్టండి. మోసం జరిగిపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మీ మెయిల్స్ అవతలివాళ్ల స్పామ్‌లో పడుతున్నాయని ప్రోగ్రామ్ మార్చేవాళ్లున్నారు. దండగ. 2024 ఫిబ్రవరి నుంచి ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని రుజువు చేసే రికార్డులు) లేని డొమైన్ల మెయిల్స్‌ని గూగుల్ అనుమానంగా చూస్తోంది. డొమైన్ ఎవరి దగ్గర కొన్నారో వాళ్ల ప్యానెల్లో ఆ రికార్డులు పెట్టించుకోవాలి. పది నిమిషాల పని, మీ హోస్టింగ్ వాళ్లనే అడగండి.

పాత ఔట్‌లుక్ నుంచి రావాలంటే

పాత పీఎస్‌టీని థండర్‌బర్డ్ నేరుగా మింగాలంటే అదే కంప్యూటర్‌లో ఔట్‌లుక్ కూడా ఉండాలి. ఎలాగూ ఉండాలి కాబట్టి నాకు నచ్చిన పద్ధతి వేరు. పాత ఔట్‌లుక్‌లోనే మీ జీమెయిల్‌ని ఐమ్యాప్‌గా కలిపి, పీఎస్‌టీలోని ఫోల్డర్లని దాంట్లోకి లాగండి. అవి సర్వర్‌కి ఎక్కుతాయి, తర్వాత ఏ ప్రోగ్రామ్‌లో తెరిచినా కనిపిస్తాయి. ఇలా ఎక్కించడానికి జీమెయిల్లో రోజుకి 500 ఎంబీ హద్దు ఉంది, కాబట్టి ఏడాది తర్వాత ఏడాదిగా, సాయంత్రం ఆఫీసు కట్టేసే ముందు మొదలుపెట్టి వదిలేయండి. పీఎస్‌టీ పది జీబీ ఉంటే మూడు వారాలు పడుతుంది. ఉచిత అకౌంట్‌లో అంత చోటు ఉందో లేదో ముందే చూసుకోండి.

అంతా కుదిరాక హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తుంది. థండర్‌బర్డ్ మూసేసి ఆ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేస్తే మెయిల్స్, అడ్రసులు, సెట్టింగ్స్ అన్నీ వచ్చేస్తాయి. తెరిచి ఉండగా తీసిన కాపీని నమ్మొద్దు. పాత పీఎస్‌టీని మాత్రం కనీసం ఆ ఏడాది ఆడిట్ ముగిసేదాకా చెరిపేయకండి.